ఏటైందో ముందు సెప్పండి!

ఫోను మొరాయించినా, లాప్‌టాప్ మొండికేసినా ముక్కూమొహం తెలియనివాళ్లు పైసా పుచ్చుకోకుండా దారి చూపించే లోకం ఒకటుంది. శ్రీకాకుళం, విజయనగరం కుర్రకారు అందులో చేరడానికి ఇంగ్లిషు, ఇంజినీరింగు కంటే ముందు కావాల్సింది వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచంలోని ఐఫోన్లను గడగడలాడించింది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానం, జ్ఞాపకం అంటూ మనం రోజూ రాసుకునేదే. మామూలుగా రాస్తే ఏమీ కాదు. లోపల కంటికి కనిపించని ఒక సంకేతం చేరిన రూపంలో అది మెసేజీగా వస్తే మాత్రం యాప్ కుప్పకూలేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. ఆకతాయిలకు అదో ఆటైపోయింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. ఈలోపు ఇరుక్కుపోయినవాళ్లను గట్టెక్కించిన చిట్కా నెట్లో చేతులు మారుతూ వచ్చింది: ‘ఇంకెవరితోనైనా కొత్త మెసేజీ పంపించుకోండి, దాన్ని తెరిచి వెనక్కి వచ్చి, ఆ అక్షరం ఉన్న సంభాషణను మొత్తంగా తుడిచేయండి.’ అసలు లోపం ఎక్కడుందో తవ్వినవాళ్లలోనూ ఆపిల్ ఉద్యోగులు కానివాళ్లున్నారు. హల్లు, పొల్లు, మళ్లీ హల్లు, ఆ కనిపించని సంకేతం, అచ్చు గుర్తు... ఈ వరసలో వస్తేనే తంటా అనీ, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ కొన్ని అక్షరాలకు ఇదే జబ్బుందనీ వాళ్లు విడమరిచి రాశారు.

ఒత్తు అంటే ఏమిటో తెలియని అమెరికా ఇంజినీరుకు ఆ వరస పట్టుకోవడం కష్టం. పలక మీద గుణింతం దిద్దినవాడికి సగం పని అప్పటికే అయిపోయినట్టు.

సాంకేతిక సాయం అనగానే మనవాళ్లకు హైటెక్ సిటీ, తెల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు గుర్తొస్తాయి. నిజానికి ఈ లోకాన్ని చాలావరకు నడిపేది ఉద్యోగులు కాదు. ఎక్కడో ఒకడు ‘నా ప్రింటరు కాగితం మింగేస్తోంది’ అని రాస్తాడు, ఇంకెక్కడో అదే ప్రింటరుతో నానా అవస్థ పడ్డవాడు జవాబిస్తాడు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోరు. ఆ జవాబు చదివి తర్వాత వందలమంది బాగుపడతారు, అందులో చాలామంది మాటా పలుకూ లేకుండా వెళ్లిపోతారు. వింత వ్యాపారం. 1980లో అమెరికా విశ్వవిద్యాలయాల మధ్య చర్చా వేదికగా యూజ్‌నెట్ మొదలైన నాటి నుంచీ ఇది ఇలాగే సాగుతోంది. తరచూ అడిగే ప్రశ్నలకు ఒక పట్టిక తయారుచేసి ముందే పెట్టేయడం అక్కడే బాగా అలవాటైంది. కొత్తగా వచ్చినవాళ్లు అవే ప్రశ్నలు అడుగుతుంటే పాతవాళ్లకు విసుగెత్తి చేసిన పని అది.

<b>ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు</b>

మన జిల్లాల సంగతికొద్దాం. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి, ప్రతిదానికీ ఒక డిజిటల్ అసిస్టెంటు వచ్చారు. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకే దిగాయి. కరెంటు బిల్లు, కుల ధ్రువీకరణ, రైతు ఖాతాకు ఈ-కేవైసీ, మనవడి హాల్‌టికెట్... అన్నీ చేతిలో ఫోన్లోకే వచ్చి కూర్చున్నాయి. సేవ ఎక్కడికొస్తే చిక్కూ అక్కడికే వస్తుంది. ఆఫీసులో గుమస్తాను అడిగి తెలుసుకునే వీలైనా ఉండేది. ఫోన్ తెర మీద ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అని కనబడితే ఎవరిని నిలదీస్తాం?

పైగా ఇది వలసల సీమ. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ఊళ్లలో మగవాళ్లు సరుకు ఓడల మీద, హైదరాబాదులో, చెన్నైలో ఉంటారు. విజయనగరం పల్లెల నుంచి భవన నిర్మాణ పనులకు వెళ్లినవాళ్లకు లెక్కలేదు. ఇంటికీ వాళ్లకూ మధ్య ఉన్నది ఒక వీడియో కాల్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి తోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. సెల్ టవర్లు మూగబోయాయి. దూరాన ఉన్నవాళ్లకు ఇంటి క్షేమ సమాచారం రోజుల తరబడి అందలేదు. ఈ ప్రాంతంలో ఫోన్ పనిచేయడం అనేది సరదా సంగతి కాదని చెప్పడానికి ఆ వారం చాలు.

అందుకే ప్రతి ఊళ్లోనూ ఫోన్ చూసిపెట్టే గుంటడు ఒకడుంటాడు. ఈమధ్య గుంటలూ ఉంటున్నారు, ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ 2016లో వచ్చాక మరీను. సెలవులకు ఇంటికొస్తే చాలు, గుమ్మంలో నాలుగు ఫోన్లు ఎదురుచూస్తుంటాయి. రాజాంలో, టెక్కలిలో, చింతలవలసలో ఇంజినీరింగు చదివేవాళ్లదీ ఇదే కథ. సివిల్ చదువుతున్నా సరే, ‘కంప్యూటరు చదువుతన్నాడు’ అనే ఊరంతా అనుకుంటుంది.

ఆ గుమ్మంలో జరిగేదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఇలాంటిది మీరూ వినే ఉంటారు.

“ఒరే బాబూ, నా ఫోన్‌కి మెసేజీలు రాట్నేదు. సెడిపోనట్టుంది.”

“ఏ మెసేజీలూ రాట్నేదా పిన్నీ, బేంకువేనా?”

“బేంకువే. మావోడు డబ్బులేస్తే టింగుమని వచ్చీది. ఇప్పుడు నేదు.”

“ఎప్పట్నుంచి?”

“సంకురాత్రి నుంచి.”

“సంకురాత్రికి ఫోన్‌గాని, సిమ్ముగాని మార్చినావా?”

“ఏటీ మార్నేదు... ఆ, మా కోడలు కొత్త సిమ్మేసింది. పాతదానికి రీచార్జి అయిపోనాదని.”

తేలిపోయింది. ఫోన్ చెడిపోలేదు. బ్యాంకు ఇప్పటికీ పాత నంబరుకే మెసేజీలు పంపుతోంది. ఫోన్ పట్టుకెళ్లి దుకాణంలో ఇస్తే ఏమయ్యేది? ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనేవాళ్లు. మన ఊళ్లలో ఫార్మాట్ అనేది జ్వరానికీ, విరిగిన కాలికీ ఒకే మాత్ర వేసే వైద్యం. మనవరాలి ఫొటోలు పోయేవి, మెసేజీలు మాత్రం వచ్చేవి కావు. ఇంకో సంగతి కూడా ఉంది. వాడకం ఆగి రద్దయిన నంబరును టెలికాం కంపెనీలు కనీసం 90 రోజులు పక్కనపెట్టి తర్వాత మరొకరికి కేటాయించవచ్చు. అంటే పిన్ని ఖాతా ఓటీపీలు రేపు ఎవరో పరాయివాడి చేతికి వెళ్లే ప్రమాదం ఉంది. కాబట్టి ఇది ‘ఎప్పుడో వీలు చూసుకుని’ చేసే పని కాదు. ఆధార్, పాసుపుస్తకం పట్టుకుని ఈ వారమే బ్రాంచికి వెళ్లి నంబరు మార్పించుకోవాలి.

ఆ కుర్రాడు వాడిన సాంకేతిక పరిజ్ఞానం ఎంత? దాదాపు సున్నా. మూడే మూడు ప్రశ్నలు అడిగాడు. అన్నీ ఆగాయా, ఒక్కటే ఆగిందా? ఎప్పట్నుంచి? అప్పుడు ఏం మారింది? ఈ మూడూ సర్వర్లు కూలినప్పుడు బెంగళూరులో కూర్చున్న నిపుణుడూ అడుగుతాడు. సైమన్ టాథమ్ అనే ఇంగ్లండు ప్రోగ్రామరు 1999లో లోపాల గురించి ఎలా చెప్పాలో ఒక వ్యాసం రాశాడు. 2001లో ఎరిక్ రేమండ్ ప్రశ్నలు తెలివిగా అడగడం ఎలాగో ఇంకోటి రాశాడు. రెండూ కంప్యూటరు జనానికి నోటికి వచ్చినంత పని. రెండింటిలోనూ భారమంతా అడిగేవాడి మీదే ఉంటుంది: నువ్వు సరిగ్గా చెప్పు, అన్నీ ప్రయత్నించి రా, అప్పుడు అడుగు. ప్రోగ్రామర్ల మధ్య అది న్యాయమే. మన పిన్నికి అది వర్తించదు. ఆమె దగ్గర ఉన్నది ‘సెడిపోనట్టుంది’ అన్న ఒక్క ముక్క. అక్కణ్నుంచి అసలు సంగతి రాబట్టే భారం జవాబిచ్చేవాడిదే.

<b>పర్వతాలపేట నుంచి ఒక పాఠం</b>

ఇలా ఎదుటివాడి దగ్గరకు మనమే వెళ్లే పని కొత్తదేం కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా చేరారు. చుట్టూ కొండల్లో సవర గిరిజనులు. బడి ఉంది, పుస్తకం ఉంది, కానీ ఆ పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాదు. ‘వాళ్లు తెలుగు నేర్చుకుని రావాలి’ అని ఆయన అనుకోలేదు. సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని తనే ఆ భాష నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. కొండల్లో మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. అయినా పని ఆపలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం వచ్చింది, ఆ తర్వాత నిఘంటువు. ఆ మనిషే తెలుగులో వాడుక భాష కోసం గ్రాంథికవాదులతో పోట్లాడారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం.

ఎదుటివాడి మాట తెలియకపోతే మన చదువు వాడికి ఎందుకూ కొరగాదని ఆయన చేసి చూపించారు. ఇవాళ సాంకేతిక జవాబుల లోకంలో గ్రాంథికం అంటే ఇంగ్లిషు ఒక్కటే కాదు. ‘మీ పరికరంలోని ఆకృతీకరణలకు వెళ్లి అనుమతులను నిలిపివేయండి’ అన్న తెలుగూ గ్రాంథికమే. ఆ తెలుగు పలాస సంతలో ఎవరికీ తెలియదు. ‘సెట్టింగ్స్‌లోకెళ్లి, యాప్స్ అని ఉన్నది నొక్కి, పర్మిషన్స్‌లో కెమెరాకి ఆఫ్ పెట్టండి’ అంటే తెలుస్తుంది. ఫోన్ను తెలుగులోకి మార్చుకున్నవాళ్లూ ఉంటారు, వాళ్ల తెర మీద పేర్లు వేరేగా ఉంటాయి. వాళ్లకు జవాబు రాసేముందు మన ఫోన్నూ ఒక్క నిమిషం తెలుగులోకి మార్చి, ఆ మీట మీద అచ్చంగా ఏం రాసుందో చూసి రాయాలి. ఈ ఒక్క నిమిషం పెట్టేవాళ్లు చాలా తక్కువ. పెట్టినవాడి జవాబు ఏళ్ల తరబడి నిలుస్తుంది.

అడిగేవాళ్లు ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాసినా, అక్షర దోషాలతో రాసినా, ‘హాంగ్ అవతంది’ అన్న రెండు మాటలతో సరిపెట్టినా దిద్దకండి. వాళ్లు వచ్చింది భాష నేర్చుకోవడానికి కాదు. ఏ లిపిలో అడిగితే ఆ లిపిలో చెప్తే సరి.

<b>శుభలేఖలో పిచ్చి గీతలు</b>

తెలుగువాళ్లు మాత్రమే విప్పగల ముడులు కొన్ని ఉన్నాయి. మొదలుపెట్టేవాళ్లకు అవే మంచి పొలం. ఒకటి చూపిస్తాను.

శ్రీకాకుళంలోనైనా బొబ్బిలిలోనైనా డీటీపీ దుకాణంలో శుభలేఖ చేయించారనుకోండి. అక్షరాలు చక్కగా వచ్చాయి. ఆ ఫైల్లో మాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే తెలుగు మాయమై ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు కలగలిసిన చెత్త కనబడుతుంది. పెళ్లికూతురి తండ్రికి చెమటలు పడతాయి. ‘వైరస్ వచ్చింది’ అంటాడొకడు. ‘మీ ఫోన్లో తెలుగు లేదు’ అంటాడింకొకడు. రెండూ తప్పే.

అసలు సంగతి ఇది. మన డీటీపీ దుకాణాల్లో దశాబ్దాలుగా నడుస్తున్న అను లాంటి ఫాంట్లు యూనికోడ్ రాకముందు నాటి పద్ధతివి. కంప్యూటరు దృష్టిలో అక్కడున్నవి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్లలో తెలుగు అక్షరాల బొమ్మలు, ఒత్తుల ముక్కలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో బొమ్మలు కనబడతాయి, లేనిచోట గళ్లలో అసలున్న ఇంగ్లిషు గుర్తులు బయటపడతాయి. ఫైలు చెడలేదు, పోయిందీ లేదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లో వేస్తే తెలుగు తిరిగొస్తుంది. కాకపోతే ఒత్తులు, సున్నలు ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. పెళ్లికొడుకు పేరులో ఒత్తు ఎగిరిపోతే మార్పిడి యంత్రానికి ఏం, మాట పడేది మనం. తొందరగా కావాలంటే డీటీపీ ఆయన్నే అడిగి పీడీఎఫ్‌గానో, ఫొటోగానో తీసుకుంటే సరిపోతుంది.

ఈ జవాబులో మూడు భాగాలున్నాయి చూడండి: ఎందుకైంది, ఎలా బాగుపడుతుంది, తొందరలో ఉన్నవాడికి అడ్డదారి ఏది. చాలామంది రెండోది మాత్రమే రాస్తారు. మొదటిది రాస్తే అడిగినాయన ఇంకోసారి అడగక్కర్లేదు. మూడోది రాస్తే ఆ పూటకు గండం గడుస్తుంది.

తెలుగు కంప్యూటర్లోకి వచ్చిందే ఇలాంటి నిస్వార్థపు జవాబుల మీద. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. పాత ఫాంట్ల తెలుగును యూనికోడ్‌లో చదివించే ‘పద్మ’ కూడా ఆయన చేతి పనే. వీవెన్ ‘లేఖిని’ చేసిపెడితే కీబోర్డు లేఔటు తెలియనివాళ్లు కూడా తెలుగు కొట్టగలిగారు. ‘మా కంప్యూటర్లో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తోంది, ఏం చేయాలి?’ అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో ఓపిగ్గా జవాబులు రాసిన తెలుగువాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఇప్పటికీ తెలుగు వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లకు స్వాగతం చెప్పి, సందేహాలు అడగమనే ఆనవాయితీ ఉంది. అందరూ చేరి మాట్లాడుకునే చోటు పేరు రచ్చబండ. జవాబు రాయడం నేర్చుకోవడానికి తెలుగులో అంతకంటే నెమ్మదైన బడి నాకు కనిపించలేదు.

<b>పేరు, పతకం, పాయింట్లు</b>

పెద్ద చోట్ల సంగతి వేరు. ప్రోగ్రామర్ల ప్రశ్నలకు పేరుమోసిన స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. అక్కడ జవాబుకు ఓట్లు, ఓట్లకు పాయింట్లు. ఇందులో ఒక చిత్రమైన నియమం ఉంది. కొత్తవాడు జవాబు రాయొచ్చు గానీ, 50 పాయింట్లు వచ్చేదాకా ఇతరుల ప్రశ్న కింద వ్యాఖ్య రాయడానికి లేదు. అంటే ‘ఎప్పట్నుంచి, ఏం మారింది’ అని అడిగే హక్కు పాయింట్లు సంపాదించాకే వస్తుంది! మన గుంటడి పద్ధతికి పూర్తిగా తలకిందులు. చెత్త వ్యాఖ్యల వరద ఆపడానికి పెట్టిన కట్టుబాటే అయినా, కొత్తవాళ్లను ఊహించి జవాబు రాసేలా నెడుతుందని నాకనిపిస్తుంది. అక్కడ మొదలుపెట్టేవాళ్లు సందేహం లేనంత స్పష్టంగా ఉన్న ప్రశ్నలనే ఎంచుకోవడం మేలు. పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీస్ భాషలకు అక్కడ విడి విభాగాలు పెట్టారు. తెలుగుకు లేదు.

మైక్రోసాఫ్ట్ ఎంవీపీ (మోస్ట్ వాల్యుబుల్ ప్రొఫెషనల్) బిరుదు పుట్టుక ఇంతకంటే సరదాగా ఉంటుంది. తొంభైల మొదట్లో ఆన్‌లైన్ సేవ అయిన కంప్యూసర్వ్‌లో ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వాడకందార్ల చర్చలు జోరుగా సాగేవి. ఎవరెన్ని పోస్టులు రాశారో లెక్కగట్టి కాల్విన్ షియా అనే ప్రోగ్రామరు ఒక జాబితా పెట్టేవాడు.  ఆ జాబితా స్ఫూర్తితోనే 1993లో మైక్రోసాఫ్ట్, ఊరికే సాయం చేస్తున్న ఈ మనుషులకు గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టిందని చెబుతారు. గూగుల్‌కు కూడా ఇలాంటి ప్రోడక్ట్ ఎక్స్‌పర్ట్‌లున్నారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు సహాయ విభాగం నడిచేదే చాలావరకు స్వచ్ఛందుల మీద. ఉద్యోగం వెతుక్కునే కుర్రాడికి ఇలాంటి గుర్తింపు పనికొస్తుందా అంటే, వస్తుంది. ఇంటర్వ్యూలో ‘నాకు లినక్స్ వచ్చు’ అనడం కంటే, లినక్స్ గురించి తను ఇచ్చిన జవాబులు నలభై చూపించడం మేలు. కానీ పాయింట్ల కోసమే దిగినవాడు త్వరగా అలసిపోతాడు. ఇతరుల జవాబు కాపీ కొట్టి అతికించడం మొదలుపెడతాడు.

కాపీ అంటే గుర్తొచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. వారం తిరగకుండా స్టాక్ ఓవర్‌ఫ్లో దాని జవాబులను నిషేధించింది. చూడ్డానికి నిండుగా ఉండి లోపల తప్పులుండటమే కారణం. ఆ తర్వాత అక్కడ ప్రశ్నలడిగేవాళ్లు బాగా తగ్గారు, చాలామంది నేరుగా యంత్రాన్నే అడుగుతున్నారు. ఇక మనిషి జవాబు ఎందుకన్న అనుమానం సహజం. పిన్ని సిమ్ము సంగతి మళ్లీ చూడండి. ‘ఫోన్‌కి మెసేజీలు రావడం లేదు’ అని యంత్రానికి చెప్తే పది కారణాలు వరసపెట్టి ఇస్తుంది. అందులో ఆమెకు పనికొచ్చేది ఏదో ఆమే తేల్చుకోవాలి. ‘ఆ, మా కోడలు...’ అని గుర్తుకు తెచ్చింది ఎదురుగా కూర్చున్నవాడి ప్రశ్న. యంత్రాన్ని వాడుకోండి, తప్పులేదు. అది చెప్పింది మీ ఫోన్లో చేసి చూడకుండా మాత్రం ఇంకొకరికి చెప్పకండి.

<b>జాగ్రత్తగా ఉండాల్సిన చోట్లు</b>

సాయం అడిగేవాళ్లు కంగారులో ఉంటారు. కంగారులో ఆధార్ కార్డు ఫొటో, పాసుపుస్తకం మొదటి పేజీ, ఫోన్ నంబరు అన్నీ బహిరంగంగా పెట్టేస్తారు. జవాబు తర్వాత సంగతి, ముందు దాన్ని తీసేయమని చెప్పాలి. తప్పనిసరైతే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉందని చెప్పొచ్చు. ఓటీపీ, పిన్ ఎప్పుడూ అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్పబోయినా ఆపాలి. తెర పంచుకునే యాప్ వేయించి దూరం నుంచి బాగుచేయబోవడం, నా ఉద్దేశంలో, మంచివాళ్లు మానుకోవాల్సిన పని. మీకు దురుద్దేశం లేకపోవచ్చు. కానీ ఈరోజు మీకోసం ఆ యాప్ వేసినావిడ, రేపు కస్టమర్ కేర్ అంటూ ఫోన్ చేసిన దొంగకూ వేస్తుంది. అలవాటు చేసింది మనమే అవుతాం.

డబ్బు పోయిందని రాస్తే అది సాంకేతిక ప్రశ్న కాదు, గంటలు లెక్కపెట్టాల్సిన వ్యవహారం. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయమనాలి. ‘ఫోన్ లాక్ తీయడం ఎలా, గూగుల్ ఖాతా అడగకుండా’ అన్న ప్రశ్న వస్తే ఆగి ఆలోచించాలి. మరిచిపోయినవాడు అడగొచ్చు, దొరికిన ఫోన్ అమ్ముకునేవాడూ అడగొచ్చు. బిల్లు పట్టుకుని సర్వీసు సెంటరుకు వెళ్లమనడమే సరైన జవాబు. పోయిన ఫోన్ బ్లాక్ చేయించడానికి 2023 మే నుంచి కేంద్ర ప్రభుత్వం సంచార్ సాథీ పోర్టల్ నడుపుతోంది. ఈ సంగతి మన పల్లెల్లో ఇంకా చాలామందికి తెలియదు.

ఆడపిల్లలకు ఇంకో బెడద. జవాబిచ్చిన పాపానికి ‘హాయ్’ అంటూ ప్రైవేటు మెసేజీలు. సొంత పేరు, ఫొటో, కాలేజీ పెట్టకుండా మారుపేరుతో రాయడం పిరికితనం కాదు. ఎవరు ఏమడిగినా జవాబు అందరికీ కనిపించేచోటే ఇస్తానని ఒక నియమం పెట్టుకుంటే సగం గోల తగ్గుతుంది. పైగా అందరికీ కనిపిస్తే తప్పు చెప్పినప్పుడు ఇంకొకరు సరిదిద్దుతారు. ఊరివాళ్ల సంగతి వేరు, రాత్రి పదింటికి తలుపు తట్టే మావయ్యకు ‘పబ్లిక్‌గా అడుగు’ అని చెప్పలేం కదా.

<b>మరి మొదలెక్కడ?</b>

ఒక చిన్న మడి ఎంచుకోండి. కంప్యూటర్లు మొత్తం కాదు. మీ చేతిలో ఉన్న ఫోన్ మోడల్, మీ ఇంట్లో ప్రింటరు, మీరు రోజూ వాడే ఒక్క యాప్. దాని గురించి జనం ఏం అడుగుతున్నారో కొన్నాళ్లు ఊరికే చదవండి. ఎవరి జవాబులు బాగున్నాయో, ఎందుకు బాగున్నాయో మీకే తెలుస్తుంది. తర్వాత, ఎవరూ పట్టించుకోక పాతబడిపోయిన ప్రశ్నల దగ్గరకు వెళ్లండి. కొత్త ప్రశ్న మీద పదిమంది పడతారు. పాతదాని ముందు మీరొక్కరే ఉంటారు, తొందర ఉండదు. ‘నాకూ ఇదే ప్రాబ్లమ్’ అని రాసి వెళ్లిపోయినవాళ్లు అక్కడ కనిపిస్తారు, వాళ్లంతా మీ జవాబు కోసం ఉన్నట్టే. ‘గూగుల్ చెయ్’ అని రాసినవాళ్లూ ఉంటారు. అడిగినాయన గూగుల్ చేసే ఇక్కడికొచ్చాడని వాళ్లకు తట్టదు.

పోటీ తక్కువున్న ఒక ప్రశ్న చెప్పి ఆపుతాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మన కాలేజీ పిల్లల దగ్గర, నెట్ సెంటర్లలో, చిన్న ఆఫీసుల్లో ఎవరో వాడి వదిలేసిన లాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటికి విండోస్ 11 నేరుగా ఎక్కదు. ‘ఎందుకెక్కట్లేదు? పారేయాలా?’ అని తెలుగులో అడిగేవాళ్లున్నారు, తెలుగులో సరైన జవాబు తక్కువ. కావాల్సింది మీరు ఈ సాయంత్రమే నేర్చుకోవచ్చు. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన గడిలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లిషులో కొట్టి చూడమనండి. టీపీఎం 2.0 అని చూపించకపోతే అడ్డంకి అదే కావచ్చు. కొన్ని లాప్‌టాప్‌లలో ఆ చిప్పు ఉండి కూడా ఆఫ్ చేసి ఉంటుంది, బయోస్‌లోకెళ్లి ఆన్ చేస్తే చాలు. అది ఉన్నా ప్రాసెసరు పాతదైతే ఎక్కదు. అప్పుడు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు దాకా పొడిగించుకునే ఏర్పాటు గురించి చెప్పండి, లేదా లినక్స్ మింట్ లాంటిది వేసుకుని ఇంకొన్నేళ్లు నడిపించుకోవచ్చని చెప్పండి. అయితే జవాబులో మొట్టమొదటి వాక్యం ఇవేవీ కాకూడదు. ‘ఏం చేసేముందైనా మీ ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి’ అని రాయండి. ఆ వెంటనే లాప్‌టాప్ ఏ మోడలో అడగండి.